ఏడో తరగతి బాబు బడికి వెళ్లనంటున్నాడు. పడి లేచే గుణం బడి నేర్పగలదా?

పల్నాడు_అమ్మ
ఆదివారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. మా బాబు ఏడో తరగతి. ఆరో తరగతి దాకా క్లాసులో మొదటి ఐదుగురిలో ఉండేవాడు. ఈ ఏడాది ఇల్లు మారడంతో స్కూలు కూడా మార్చాం. మొన్న యూనిట్ టెస్టులో లెక్కల్లో 25కి 6 వచ్చాయి. సారు అందరి మార్కులూ పైకి చదివి వినిపించారట. ఆ మర్నాటి నుంచి పొద్దున్నే కడుపునొప్పి. డాక్టరుకు చూపించాం, ఏమీ లేదన్నారు. బడికి వెళ్లి తొమ్మిది రోజులైంది. సాక్సు వేసుకునే దాకా మామూలుగానే ఉంటాడు. ఆటో హారన్ వినపడగానే బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకుంటాడు.

మా అత్తగారేమో "మా రోజుల్లో బెత్తం దెబ్బలు తిని కూడా వెళ్లేవాళ్లం" అంటారు. మా ఆయన హాస్టల్లో వేస్తే గట్టిపడతాడంటున్నారు. నాకు రెండూ మింగుడుపడటం లేదు. ఇక్కడ టీచర్లున్నారు, బయటి దేశాల్లో పిల్లల్ని చదివిస్తున్నవాళ్లున్నారు. మీ బళ్లలో 6, 7, 8 తరగతుల పిల్లలు ఇలా డీలా పడితే ఏం చేస్తారు? దయచేసి చెప్పండి, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.


బడిపంతులు_ఒంగోలు
ఆదివారం, రాత్రి 11:15

అమ్మా, 22 ఏళ్లుగా జడ్పీ హైస్కూళ్లలో లెక్కలు చెబుతున్నాను. ముందు ఒక మాట: ఇప్పుడు మాత్రం హాస్టల్ ఆలోచన పెట్టుకోకండి. స్కూలు మారి ఒకసారి వేళ్లు కదిలిన మొక్క అది.

ఆ వయసు పిల్లలకి మార్కులు తగ్గడం కంటే నలుగురిలో పేరు పోవడం పెద్ద దెబ్బ. పదో తరగతి వాడు మార్కుల గురించి బాధపడతాడు. ఏడో తరగతి వాడు "అందరూ నన్ను ఏమనుకుంటున్నారు" అని బాధపడతాడు. మార్కులు పైకి చదివి పరువు తీయడం మా వృత్తిలో ఎప్పటి నుంచో ఉన్న పాడు అలవాటు. కొత్తలో నేనూ చేశాను, ఇప్పటికీ మనసుకి కష్టంగా ఉంటుంది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. మీ బాబుది సున్నితత్వం అని ఎవరైనా అంటే ఆ సెక్షన్ గుర్తుచేయండి, గొడవ పెట్టుకోనక్కర్లేదు.

మిగతాది రేపు వివరంగా రాస్తాను.


కోచింగ్_నాన్న_విజయవాడ
సోమవారం, ఉదయం 6:20

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. రేపు ఇంటర్‌లో వారం వారం ర్యాంకులు గోడ మీద అంటిస్తారు. ఇప్పుడు ఒక టెస్టుకే తట్టుకోలేకపోతే అప్పుడెలా? మా పెద్దవాణ్ని ఆరు నుంచే ఫౌండేషన్ కోర్సులో వేశాను. మొదట్లో ఏడ్చాడు, తర్వాత అలవాటైంది. పిల్లల్ని పోటీకి ముందే సిద్ధం చేయడం మన బాధ్యత కాదా?


సువాన్_ఇంజినీర్
సోమవారం, ఉదయం 8:05

అన్నా, నేను దక్షిణ కొరియాలో ఉంటున్నాను. పోటీ గురించి వీళ్లకి ఎవరూ చెప్పనక్కర్లేదు. అలాంటి దేశం 2016 నుంచి అన్ని మిడిల్ స్కూళ్లలో ఒక సెమిస్టర్ పాటు రాత పరీక్షలే తీసేసింది. ఆ కొన్ని నెలలు పిల్లలు ఆటలు, కళలు, క్లబ్బులు, రకరకాల ఉద్యోగాలు దగ్గర నుంచి చూడటం. సాయంత్రం ట్యూషన్ సెంటర్లు మాత్రం ఖాళీ కాలేదు, ఆ సంగతి కూడా చెప్పాలి. పిల్లలు ఊపిరి తీసుకోవాలని బడి అనుకున్నా, తల్లిదండ్రుల భయం పోలేదు. మీ పెద్దబ్బాయికి అలవాటైంది అన్నారు కదా, వాడు ఇప్పుడు మీతో ఓడిపోయిన సంగతులు చెబుతాడా? నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నాను.


సైతామా_నాన్న
సోమవారం, ఉదయం 9:30

చెల్లెమ్మా, తొమ్మిదేళ్లుగా జపాన్‌లో ఉంటున్నాం. మా అమ్మాయి ఇక్కడి ప్రభుత్వ జూనియర్ హైస్కూల్లో, అంటే మన లెక్కలో ఎనిమిదో తరగతి.

ఇక్కడ పిల్లలే గదులు ఊడుస్తారు, మెట్లు తుడుస్తారు, తెల్ల ఏప్రన్లు, టోపీలు పెట్టుకుని మధ్యాహ్నం భోజనం వడ్డిస్తారు. వాట్సాప్ వీడియోల్లో చూసే ఉంటారు. అవి చూసి మనవాళ్లు "క్రమశిక్షణ అంటే అదీ" అంటారు. నాకు దాని విలువ ఒక సూప్ గరిటతో తెలిసింది. మా అమ్మాయికి జపనీస్ ఇంకా సరిగా రాని రోజులు. ఆ వారం సూప్ పోసే వంతు తనది. ముప్పై మందికి సమంగా రావాలి. మొదటి వాళ్లకి నిండా పోసింది, చివరి ఆరుగురి దగ్గరికి వచ్చేసరికి గిన్నె అడుగు కనిపించింది. ఎవరూ ఏమీ అనలేదు. నిండా పోయించుకున్న పిల్లలు గిన్నెలు పట్టుకొచ్చి తలా కొంచెం తిరిగి పోశారు. ఇంటికొచ్చి ఏడ్చింది. అయినా వంతు వారం రోజులు కాబట్టి మర్నాడు మళ్లీ గరిట తన చేతికే వచ్చింది. రెండో రోజు మరీ తక్కువ పోసి మిగిల్చింది. శుక్రవారానికి చేతికి కొలత వచ్చేసింది. తప్పు చేసిన పనిని మర్నాడే మళ్లీ చేయనివ్వడం ఎంత పెద్ద సంగతో నాకు అప్పుడు తెలిసింది.

ఇంకోటి, రోజూ నాలుగు వాక్యాల డైరీ రాసి క్లాస్ టీచర్‌కి ఇవ్వాలి. ఆయన ప్రతి దాని కిందా ఎర్ర పెన్నుతో ఒక మాట రాసి సాయంత్రానికి తిరిగిస్తారు. ఆ ఎర్ర అక్షరాల కోసమే ఒక దశలో మా అమ్మాయి బడికి వెళ్లింది.

అలాగని జపాన్‌లో అంతా బాగుందని రాస్తే అబద్ధమవుతుంది. 2023 విద్యా సంవత్సరంలో ఇక్కడ 3 లక్షల 46 వేల మంది ప్రాథమిక, జూనియర్ హైస్కూలు పిల్లలు 30 రోజులు, ఆపైన బడికి దూరంగా ఉన్నారు. దానికి "ఫుతోకో" అని పేరే ఉంది. అందరిలా ఉండలేని పిల్లకి గుంపు చాలా బరువు. అంటే మీ బాబు పరిస్థితి ఇక్కడ ప్రతి వీధిలోనూ ఉంది.

అలాంటి పిల్లల కోసం ఇక్కడి బళ్లు చేసే పని ఒకటి మీకు పనికొస్తుంది. ప్రతి బడిలో ఆరోగ్య గది ఉంటుంది, దానికి ప్రత్యేకంగా ఒక టీచర్. క్లాసులోకి వెళ్లలేని పిల్లలు బడికి వచ్చి నేరుగా ఆ గదికి వెళ్లి కూర్చోవచ్చు. అక్కడే చదువుకోవచ్చు, టీ కాసే కెటిల్ పక్కన ఊరికే కూర్చోవచ్చు. బడి గేటు దాటడం, క్లాసు గుమ్మం దాటడం రెండూ వేర్వేరు మెట్లని వీళ్లు గుర్తించారు. రెండూ ఒకే రోజు ఎక్కమని పట్టుబట్టరు.


నల్లగొండ_బిడ్డ
సోమవారం, మధ్యాహ్నం 1:10

గట్టితనం అంటే మా దిక్కు అందరూ మాలావత్ పూర్ణ పేరు చెప్తరు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది, అప్పటికి ఆమెకి 13 ఏళ్లే. నిజామాబాద్ జిల్లా పాకాల, సాంఘిక సంక్షేమ గురుకులం పిల్ల. మా చెల్లె అప్పుడు వేరే గురుకులంలో ఎనిమిది చదువుతుండె, ఆ వారం మొత్తం పిల్లలు నేల మీద నడవలేదనుకోండి.

కానీ కొందరు ఆ కథను "చూడు, ఆ పిల్ల కొండెక్కింది, నువ్వు బడికి పోలేవా" అని వాడుతున్నరు. అది నాకు బాధ. ఆ పిల్లను ఎవరూ తీసుకపోయి మంచులో వదిలిపెట్టలేదు. మొదట భువనగిరి గుట్ట మీద తాడు పట్టడం నేర్పిన్రు. తర్వాత డార్జిలింగ్, తర్వాత లద్దాఖ్ చలి. పక్కన ఖమ్మం జిల్లా ఆనంద్ ఉన్నడు, కోచ్ శేఖర్‌బాబు ఉన్నడు. ఒక్కో మెట్టుకు ఒక మనిషి, ఒక తాడు. మీ బాబుకు ఇప్పుడు తాడు ఎవరు పట్టుకున్నరో చూడుండ్రి అక్కా.


ఎస్పో_అక్క
సోమవారం, సాయంత్రం 4:50

ఫిన్లాండ్ నుంచి. మా పిల్లలిద్దరూ ఇక్కడి బళ్లలోనే. చెప్పే ముందు ఒక ప్రశ్న. సారు మార్కులు చదివినప్పుడు పిల్లలు నవ్వారా? తర్వాత ఎవరైనా ఏడిపిస్తున్నారా? బాబుని అడిగారా?

ఎందుకంటే ఇక్కడ తుర్కు విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేసిన "కివా" అని ఒక కార్యక్రమం ఉంది. ఏడిపించేవాడికి, ఏడ్చేవాడికి కౌన్సెలింగ్ ఇస్తే సరిపోదని వాళ్ల లెక్క. చుట్టూ నిలబడి చూసి నవ్వేవాళ్ల మీద ఎక్కువ పని చేస్తారు. వాళ్లు నవ్వడం మానేస్తే ఏడిపించడంలో మజా పోతుంది కదా. ఇంకా, ఏడో తరగతిలో పిల్లలు పెద్ద బడికి మారతారు కాబట్టి తొమ్మిదో తరగతి పిల్లల్లో కొందరు వాళ్లకి తోడుగా ఉంటారు. క్యాంటీన్ ఎక్కడ, ఏ టీచర్ దగ్గర ఎలా మాట్లాడాలి, అన్నీ వాళ్లే చూపిస్తారు. కొత్త బడిలో మీ బాబుకి అలాంటి అన్నయ్య ఎవరైనా ఉన్నాడా?

ఇంకో మంచి సంగతి, పిల్లవాడు బడి సైకాలజిస్టుని గానీ సోషల్ వర్కర్‌ని గానీ కలవాలని అడిగితే ఏడు పనిదినాల్లోపు కలిపించాలని చట్టమే ఉంది. మనకి అది ఎప్పుడొస్తుందో.


పల్నాడు_అమ్మ
సోమవారం, రాత్రి 9:35

అక్కా, మీరు అడగమన్నారని ఇందాక అన్నం తినేటప్పుడు మెల్లగా అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పెరుగు కలుపుకుంటూ తల ఎత్తకుండా చెప్పాడు. ఇద్దరు పిల్లలు వాడిని "సిక్సర్" అని పిలుస్తున్నారట. ఆరు మార్కులు వచ్చాయని. ఆటోలో కూడా అదే పిలుపు. ఆ ఇద్దరిలో ఒకడు మా ఆటోలోనే వస్తాడు.

తొమ్మిది రోజులుగా నేను వాడి కడుపు గురించే అడిగాను. ఆటో సంగతి నాకు తట్టనే లేదు.


స్కూల్_కౌన్సెలర్_హైదరాబాద్
సోమవారం, రాత్రి 10:20

అమ్మా, మిమ్మల్ని మీరు తప్పుపట్టుకోవద్దు. హారన్ వినగానే బాత్రూంలోకి ఎందుకు వెళ్తున్నాడో ఇప్పుడు తెలిసింది, సగం దారి పడింది.

రెండు మూడు విషయాలు చెబుతాను. హవాయి దీవుల్లో కవాయి అనే చోట 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమీ వెర్నర్, రూత్ స్మిత్ అనే పరిశోధకులు దశాబ్దాల పాటు గమనించారు. పేదరికం, తాగుడు, ఇంట్లో గొడవలు లాంటి ఎన్నో కష్టాల మధ్య పెరిగిన పిల్లల్లో కూడా మూడో వంతు మంది చక్కగా స్థిరపడ్డారు. వాళ్లందరికీ దాదాపుగా ఉన్నదేమిటంటే, ఏది ఏమైనా తమ వైపు నిలబడే పెద్దమనిషి కనీసం ఒకరు. అమ్మమ్మ కావచ్చు, పక్కింటావిడ కావచ్చు, చాలాసార్లు ఒక టీచర్.

మన దేశంలోనే బిహార్‌లోని నలంద జిల్లాలో 74 బళ్లలో ఒక ప్రయోగం జరిగింది, 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఒకే కార్యక్రమాన్ని కొన్ని బళ్లలో శిక్షణ పొందిన మామూలు కౌన్సెలర్ నడిపారు, కొన్ని బళ్లలో టీచరే నడిపారు. కౌన్సెలర్ ఉన్న చోట ఏడిపించడం తగ్గింది, దిగులు తగ్గింది, బడి వాతావరణం మారింది. టీచర్ నడిపిన చోట చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. నాకు అర్థమైంది ఇది: సిలబస్, హాజరు, మధ్యాహ్న భోజనం, యాప్‌లో ఫొటోలు, ఇవన్నీ మోస్తున్న మనిషి మీద ఇంకో బరువు పెడితే పని జరగదు. దీని కోసమే ఒక మనిషి ఉండాలి.

అలాగే బ్రిటన్‌లో 11 నుంచి 13 ఏళ్ల పిల్లలు ఎనిమిది వేల మందికి పైగా పాల్గొన్న పెద్ద అధ్యయనంలో, క్లాసులో ధ్యానం పాఠాలు చెప్పినా మామూలు బళ్ల కంటే పిల్లల మానసిక ఆరోగ్యం ఏమీ మెరుగుపడలేదని 2022లో తేలింది. చాలామంది ఇంటి దగ్గర అభ్యాసమే చేయలేదు. వారానికో పీరియడ్ పెట్టి "ధైర్యంగా ఉండండి" అని చెప్పేస్తే సరిపోతుందనుకునే స్కూళ్లకి ఇది చెప్పాలి.

మీరు చేయాల్సింది: ఇంట్లో ఎక్కువ రోజులు ఉంటే తిరిగి వెళ్లడం ఇంకా కష్టమవుతుంది, అందుకని ఆలస్యం చేయకండి. అలాగని రేపే ఎనిమిది పీరియడ్లూ కూర్చోబెట్టకండి. సైతామా గారు చెప్పిన మెట్ల పద్ధతే సరైనది. ముందు ఆటో మార్చండి లేదా మీరే దింపండి. బడికి వెళ్లి, పిల్లాడికి నచ్చిన ఒక టీచర్‌తో మాట్లాడండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో కూడా ఉచితంగా మాట్లాడతారు. మీకోసం కూడా చేయవచ్చు.


నవోదయ_పాత_విద్యార్థి
మంగళవారం, ఉదయం 7:15

హాస్టల్ గురించి మీవారు అన్న మాటకి నా అనుభవం చెబుతాను. నేను ఆరో తరగతిలో నవోదయలో చేరాను. తొమ్మిదిలో మాలో కొందర్ని ఏడాది పాటు హిందీ రాష్ట్రానికి పంపారు. నవోదయల్లో అదో పద్ధతి, అక్కడి పిల్లలు ఇక్కడికి, ఇక్కడి పిల్లలు అక్కడికి. రైల్లో నుంచే ఏడుపు. మెస్‌లో రోజూ రొట్టె. అన్నం కనిపిస్తే పండగ. వాళ్ల మాట నాకు రాదు, నా మాట వాళ్లకి రాదు.

నన్ను నిలబెట్టింది మాత్రం హాస్టల్ కాదు. నాతో పాటు మన బడి నుంచి వచ్చిన పదిహేను మంది, మా నీలగిరి హౌస్‌లో ఉన్న పదకొండో తరగతి అన్నయ్య ఒకాయన. రోజూ రాత్రి పది హిందీ మాటలు నేర్పి, పది తెలుగు మాటలు నా దగ్గర నేర్చుకునేవాడు. నేను కూడా ఇవ్వగలిగింది ఒకటి ఉందని తెలిశాక ఏడుపు ఆగింది. ఏడాది చివర తిరిగొచ్చేటప్పుడు స్టేషన్‌లో వాళ్లూ ఏడ్చారు, మేమూ ఏడ్చాం.

నేను ఇష్టపడి పరీక్ష రాసి వెళ్లాను. ఓడిపోయాడని శిక్షగా పంపితే ఆ పిల్లాడికి హాస్టల్ జైలులా ఉంటుంది. దయచేసి మీవారికి ఈ మాట చదివి వినిపించండి.


ఆక్లాండ్_తెలుగు
మంగళవారం, ఉదయం 9:00

న్యూజిలాండ్ బళ్లలో ఇక్కడి మూలవాసులైన మావోరీల ఆలోచన ఒకటి వాడతారు, "తె ఫారె తపా ఫా". మేసన్ డ్యూరీ అనే మావోరీ వైద్యుడు 1980లలో చెప్పింది. మనిషి క్షేమం నాలుగు గోడల ఇల్లు: శరీరం, మనసు, ఆత్మ, కుటుంబం. ఒక గోడ బలహీనమైతే ఇల్లు ఒరుగుతుంది. మా వాడి క్లాసులో ఆ ఇల్లు గీయించి, ఒక్కో గోడ మీద తమకి బలం ఇచ్చేవి రాయమన్నారు. కుటుంబం గోడ మీద మావాడు "అమ్మమ్మ, శనివారం వీడియో కాల్" అని రాశాడు. మా అమ్మకి ఫొటో పంపితే దాన్ని ప్రింట్ తీయించి దేవుడి గదిలో పెట్టుకుంది. పిల్లాడి బలం వాడి ఒక్కడి లోపలే ఉండాలని వీళ్లు అనుకోరు. అది నాకు మన ఇంటి మాటలా అనిపించింది.


కోచింగ్_నాన్న_విజయవాడ
మంగళవారం, రాత్రి 8:45

సువాన్ తమ్ముడూ, నిన్నటి నుంచి నీ ప్రశ్నే మనసులో తిరుగుతోంది. ఈ సాయంత్రం మావాణ్ని బైక్ మీద ఎక్కించుకుని బ్యారేజీ మీదకి తీసుకెళ్లాను. పోయిన నెల ర్యాంకు ఎంత అని అడిగితే "మీకు మెసేజ్ వస్తుంది కదా నాన్నా" అన్నాడు. అంతకు మించి ఏమీ చెప్పలేదు. వాడు నాతో ఇలాంటివి ఎప్పుడు చెప్పడం మానేశాడో నాకు గుర్తులేదు.


బడిపంతులు_ఒంగోలు
మంగళవారం, రాత్రి 10:30

బాబూ విజయవాడా, అడగడం మానకండి. నాలుగోసారికో ఐదోసారికో చెబుతాడు.

నిన్న రాస్తానన్నది ఇది. మా దగ్గర చాలామంది పిల్లల అమ్మానాన్నలు మిరపకోతలకి గుంటూరు వైపు వలస వెళ్తారు. కొందరు పిల్లల్నీ తీసుకెళ్తారు. అలా రెండు నెలలు పోయి వచ్చిన ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె, వచ్చాక చివరి బెంచీలో కూర్చుని నోరు విప్పేది కాదు. ఏం అడిగినా నేల చూపులే. పాఠాలు చాలా ముందుకెళ్లిపోయాయి, తనకి ఏమీ రాదని తనే తీర్మానించుకుంది.

మా బడిలో మధ్యాహ్నం గుడ్ల లెక్క చెప్పే పని ఆమెకి ఇచ్చాను. పదిన్నరకల్లా అన్ని క్లాసులూ తిరిగి ఎంతమంది వచ్చారు, ఎంతమంది గుడ్డు తినరు, వంటావిడకి ఎన్ని చెప్పాలి, ఇదీ పని. మొదటి రోజు నాలుగు గుడ్లు తక్కువ చెప్పింది. ఆరో తరగతి పిల్లలు నలుగురు గుడ్డు లేకుండా తిన్నారు. ఏడుపు ముఖంతో నా దగ్గరికి వచ్చింది. "రేపు ఎలా లెక్కేస్తావు?" అన్నాను, అంతే. మర్నాడు ఒక చిత్తు కాగితం మీద గళ్లు గీసుకుని వచ్చింది, క్లాసుకొక గడి. నేను చెప్పలేదు, తనే కనిపెట్టింది. నెల తిరిగేసరికి అదే గళ్ల కాగితం మీద శాతాలు నేర్పాను. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. సైతామా గారి సూప్ గరిట చదవగానే ఆ పిల్లే గుర్తొచ్చింది.

అమ్మా, బాబుకి బడిలో ఏదైనా ఒక పని ఇప్పించండి, నిజంగా అవసరమైన పని. వాడు రాకపోతే ఆగిపోయేలా ఉండాలి. అలాగే ఆ టెస్టు పేపరు తెప్పించుకోండి. ఎక్కడ తప్పాయో ఇక్కడ రాయండి, చూద్దాం.


పల్నాడు_అమ్మ
ఆ పై మంగళవారం, రాత్రి 9:10

వారం తర్వాత రాస్తున్నాను, క్షమించండి. మావారికి ఈ చర్చంతా చదివి వినిపించాను. నవోదయ తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి ఫోన్ తనే తీసుకుని మళ్లీ చదువుకున్నారు. హాస్టల్ మాట మళ్లీ ఎత్తలేదు. ఇప్పుడు ఆఫీసుకి వెళ్తూ రోజూ తనే దింపుతున్నారు.

స్కూల్లో మొదట "పిల్లలన్నాక ఇవన్నీ మామూలే" అన్నారు. సైన్స్ మేడమ్ మాత్రం విన్నారు. మొదటి రెండు పీరియడ్లు లైబ్రరీలో కూర్చోవచ్చని ప్రిన్సిపాల్ గారిని ఒప్పించారు. గురువారం గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాడు. శుక్రవారం లోపలికి వెళ్లాడు, లంచ్ దాకా ఉన్నాడు. శనివారం ఏడ్చాడు, వెళ్లలేదు. నిన్న, ఇవాళ వెళ్లాడు. లైబ్రరీలో పుస్తకాలకి నంబర్లు వేసే పని మేడమ్ ఇచ్చారట. ఇవాళ 40 వేశాను అన్నాడు. "సిక్సర్" పిలుపు గురించి మేడమ్ ఆ ఇద్దరితో, మిగతా క్లాసుతో కూడా మాట్లాడారు. ఆ పిలుపు ఇంకా పూర్తిగా ఆగలేదు.

లెక్కల పీరియడ్‌కి మాత్రం ఇంకా వెళ్లడం లేదు. పేపరు తెచ్చాను మాస్టారూ. పూర్ణ సంఖ్యల్లో గుర్తులు తప్పాయి. మైనస్ 7 నుంచి 5 తీసేస్తే మైనస్ 2 అని రాశాడు, అలాంటివే ఐదారు.


బడిపంతులు_ఒంగోలు
ఆ పై మంగళవారం, రాత్రి 9:25

ఇది మా బడిలో సగం మంది చేసే తప్పే. వాడికి ఆ మాట చెప్పండి. పేపరు పక్కన పెట్టేసి ఇలా అడగండి: "కిరాణా కొట్లో మనకి ఏడు రూపాయలు అప్పుంది. ఇవాళ ఇంకో ఐదు రూపాయల సరుకు అప్పుగా తెచ్చాం. ఇప్పుడు మన లెక్క ఎంత?" జవాబు మీరు చెప్పకండి. ఎంతసేపైనా ఆగండి.


పల్నాడు_అమ్మ
ఆ పై మంగళవారం, రాత్రి 9:48

అడిగాను మాస్టారూ. కాసేపు వేళ్లు లెక్కపెట్టుకుని "పన్నెండు అప్పు" అన్నాడు. తర్వాత వాడే వెళ్లి బ్యాగులోంచి ఆ పేపరు తెచ్చుకున్నాడు. పెన్సిల్ చెక్కుకుంటున్నాడు ఇప్పుడు.